లెక్క విప్పి చెప్పే రిపోర్టర్ కావాలి

ఎలక్షన్ సీజన్‌లో బెజవాడలో రిపోర్టర్ కనపడితే చాలు, మొదట అడిగేది "ఏంటి సార్, ఎవరొస్తారు?" అనే. బీసెంట్ రోడ్డులో బట్టల షాపాయనా అదే అడుగుతాడు, గుంటూరు బ్రాడీపేటలో టీ తాగేవాళ్లూ అదే అడుగుతారు. అడగటంలో తప్పేం లేదు, ఆత్రం ఎవరికైనా ఉంటుంది. కానీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పటమే ఎలక్షన్ రిపోర్టర్ ఉద్యోగం అన్నట్టు పేపర్లూ టీవీలూ కూడా తయారయ్యాయి, మా బాధంతా అక్కడే. ఎవరొస్తారో కౌంటింగ్ రోజు ఎటూ తెలిసిపోతుంది. ఓటు ఎట్లా పడుతుంది, ఎట్లా లెక్కపెడతారు, వచ్చిన అంకెకి అర్థమేంటి అనేది మాత్రం ఎవరో ఒకళ్లు ఓపిగ్గా కూర్చుని విప్పి చెప్తే గానీ తెలీదు.

ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ జరిగిన 2024 మే 13 సంగతే చూడండి. సాయంత్రం 5 గంటలకి రాష్ట్రంలో పోలింగ్ 68 శాతం దగ్గర ఉందన్నారు, చివరికి పోస్టల్ బ్యాలెట్లతో కలిపి 81.86 శాతమని తేలింది. మిగతా ఓట్లు ఎక్కణ్ణించి ఊడిపడ్డాయని వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. అనుమానం రావటం తప్పు కాదు, ఓటేసినవాడికి అడిగే హక్కుంది. అయితే ఆ అనుమానాన్ని ఎక్కడికి తీసుకెళ్లి తేల్చుకోవాలో చెప్పినవాళ్లు ఎంతమంది? 6 గంటలకి గేటు దగ్గర లైన్లో ఎంతమంది ఉంటే అంతమందికీ స్లిప్పులివ్వాలి, అదీ లైన్లో ఆఖర్న నుంచున్న మనిషి దగ్గర్నించి మొదలుపెట్టి ముందుకి రావాలి, ఆ తర్వాత వచ్చినవాళ్లు దూరకుండా. ఆ స్లిప్పు ఉన్నవాళ్లంతా ఓటేసేదాకా బూత్ మూయకూడదు, అర్ధరాత్రి అయినా సరే, ఆ రోజు చాలా చోట్ల నిజంగానే అర్ధరాత్రి దాటింది కూడా. పైగా 5 గంటల అంకె అనేది కింద నించి చెప్పిన అంచనాలు కూడి చెప్పేది, చివరి లెక్క కాదు.

అసలు లెక్క ఉండేది ఫారం 17సి లో. పోలింగ్ ముగిశాక బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్ ఆ బూత్ ఓటింగ్ మెషిన్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి, సంతకం పెట్టి, అక్కడున్న అభ్యర్థుల ఏజెంట్లకి కాపీ ఇస్తాడు. కౌంటింగ్ రోజు మెషిన్ చూపించే మొత్తాన్ని దానితోనే పోల్చి చూస్తారు. ఆ తర్వాత బూత్ వారీగా ఎవరికెన్ని వచ్చాయో ఫారం 20 లో ఉంటుంది. ఎక్కడైనా తేడా ఉందంటే ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి, ఉంటే ఫలానా బూత్‌లో ఇంత తేడా అని రాయాలి, లేకపోతే లేదని రాయాలి. ఇందులో పార్టీ ఏముంది? అయినా ఇది రాసిన రిపోర్టర్‌ని "నువ్వు ఏ పార్టీ వాడివి" అని అడుగుతారు, గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఇద్దరూ.

ఇంకో లెక్క ఉంది, మాకు తెలిసి దీన్ని మించి చెప్పాల్సింది లేదు. 2019 అసెంబ్లీ ఎన్నికల్లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లొచ్చాయి, సీట్లు 23. 2024 లో వైఎస్సార్‌సీపీకి 39.37 శాతం, సీట్లు 11. ఓటు దాదాపు అంతే, సీట్లు సగం కూడా లేవు. చాలామందికి ఇది మింగుడుపడదు. కానీ మన పద్ధతిలో నియోజకవర్గంలో ఎవరికి ఎక్కువొస్తే వాళ్లదే సీటు, రెండో స్థానంలో ఎన్ని ఓట్లున్నా చేతికి ఏమీ రాదు, కాబట్టి మీకెంత వచ్చిందనే దానికంటే ఎదుటివాడితో తేడా ఎంత అనేదే సీటు తేలుస్తుంది. 2019 లో ఆ తేడా 11 శాతం లోపే. 2024 లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ మూడూ కలిసి ఒక్కో సీట్లో ఒక్క అభ్యర్థినే నిలబెట్టాయి, వాటి ఓట్ల శాతాలు వరసగా 45.60, 6.85, 2.83 కలిస్తే 55 దాటింది, తేడా 16 దగ్గరికి వెళ్లింది. 164 సీట్లు వచ్చింది అందుకే. దీన్ని గాలి అనో సునామీ అనో హెడ్డింగ్ పెట్టేస్తే పాఠకుడికి ఒరిగేదేం లేదు. అదే 2019 లో వైఎస్సార్‌సీపీకి 151 సీట్ల ఊపు ఉన్నా మన విజయవాడ సెంట్రల్‌లో గెలుపు 25 ఓట్లతో తేలింది, ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు ఇంట్లో కూర్చుంటే ఫలితం మారేది.

కౌంటింగ్ రోజు చూడండి, మూడో రౌండ్‌కే బాణాసంచా కాలుస్తారు, ఎనిమిదో రౌండ్‌లో మొహాలు మాడిపోతాయి, ఏదో మతలబు జరిగిందంటారు. మామూలుగా ఒక హాల్లో 14 టేబుళ్లు, రౌండ్‌కి 14 బూత్‌లు, అదీ బూత్ నంబర్ల వరసన. ఆ నంబర్లు ఏరియాల వరసన వేసినవి, మొదటి రౌండ్లన్నీ నియోజకవర్గంలో ఒక పక్కవే వస్తాయి. ఏ రౌండ్‌లో ఏ వార్డులున్నాయో ముందు రోజే మ్యాప్ వేసి పేపర్లో ఇస్తే జనం ఆ లీడ్‌ని లీడ్ లాగానే చూస్తారు.

2019 లో ఓటేశాక 42 రోజులు ఆగాం, 2024 లో 22 రోజులు. ఆ ఖాళీ టైమ్‌ని నింపింది సర్వేల పేరుతో తిరిగిన పుకార్లు, పందేలు. దేశంలో ఆఖరి విడత పోలింగ్ అయ్యేదాకా ఎగ్జిట్ పోల్ బయటపెట్టకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126ఎ సెక్షన్ ఉంది, ఆ లోపల ఫోన్లలో తిరిగిన "లీకైన ఎగ్జిట్ పోల్" దేన్నీ నమ్మక్కర్లేదని గట్టిగా చెప్పాల్సినవాళ్లమే నోరు మెదపకపోతే, అది చూసి పొలం మీద అప్పు తెచ్చి పందెం కాసిన మనిషికి ఎవరు చెప్తారు?

కాబట్టి మా మాట ఇది. మీడియా సంస్థలు ఎలక్షన్ రిపోర్టర్‌ని జోస్యం చెప్పమని స్టూడియోలో కూర్చోబెట్టటం మానాలి. ఫారాలు చదవటం, ఓటర్ల జాబితా చూడటం, లెక్కలు వెయ్యటం నేర్పించాలి, అదీ నోటిఫికేషన్ వచ్చాక కాదు, ముందే. మున్సిపల్, పంచాయతీ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, అసెంబ్లీ, పార్లమెంటు నడిపేది కేంద్ర ఎన్నికల సంఘం, ఇవి రెండూ వేరని కూడా చదువుకున్నవాళ్లకే తెలీట్లేదు. 2021 మార్చిలో విజయవాడ 64 డివిజన్లకీ గుంటూరు 57 డివిజన్లకీ బ్యాలెట్ పేపర్‌తో ఓటేశాం, అప్పుడు ఈవీఎం ఎందుకు లేదో ఎంతమందికి చెప్పాం?

అధికారులకి కూడా ఒక్క విన్నపం. పోలింగ్ మర్నాడే ప్రతి బూత్‌లో పడ్డ ఓట్లు, శాతాలు కాదు, అంకెలే, తెలుగులో పెట్టండి. స్కాన్ చేసిన మసక కాపీలు వద్దు, కూడికలు వేసుకోటానికి వీలైన ఫైలు ఇవ్వండి. ఫారం 20 కూడా అట్లాగే.