అభిప్రాయాల రేటు కార్డు

ఫ్రాన్స్‌లోని సీన్యూస్ చానల్ మీద జరుగుతున్న దుష్ప్రచారాన్ని ఖండించక తప్పదు. వార్తల చానల్‌లో వార్తలు లేవట! ఉండాలని ఏ శాస్త్రంలో రాసి ఉంది?

పూర్వాశ్రమంలో దాని పేరు ఇటెలే. 2016లో, బడా వ్యాపారి విన్సెంట్ బొల్లోరే ఏలుబడిలో, దర్యాప్తులో ఉన్న ఒక వ్యాఖ్యాతను తెచ్చి తెర మీద కూర్చోబెట్టారని సిబ్బంది 31 రోజులు సమ్మె చేశారు. ఆ తర్వాత చాలామంది పాత్రికేయులు వెళ్లిపోయారు. 2017 ఫిబ్రవరిలో పేరు బోర్డు మారి సీన్యూస్ అయింది, వార్తల చోట చర్చలు వచ్చాయి. ఎంత పొదుపు! వాన పడిందో లేదో చెప్పాలంటే విలేకరి గొడుగేసుకుని వీధిలోకి వెళ్లాలి. వాన వెనుక ఎవరి కుట్ర ఉందో చెప్పడానికి ఒక బల్ల, నాలుగు కుర్చీలు చాలు. రాత్రి తొమ్మిదింటికి తెలుగు చానళ్లు చూసేవారికి ఇది వేరే వివరించనక్కరలేదు.

2023లో పారిస్‌ను నల్లులు పట్టి పీడిస్తున్నాయన్న గగ్గోలు పుట్టినప్పుడు, దీనికి వలసలతో సంబంధం ఉందా అని చానల్ ప్రధాన వ్యాఖ్యాత పాస్కల్ ప్రో అడిగారు. నల్లిని పాస్‌పోర్టు చూపించమనాలన్న ఆలోచన మన నానమ్మలకు రాలేదు. పాపం, మంచాన్ని ఎండలో పడేసి, మంచం కోళ్ల సందుల్లో మరిగే నీళ్లు పోసి ఊరుకున్నారు.

ప్రసారాల నియంత్రణ సంస్థ జరిమానాలు వేస్తోందని కొందరి గోల. నాకు మాత్రం అవి చక్కటి రేటు కార్డులా కనిపిస్తున్నాయి. తల్లిదండ్రులు వెంట లేని వలస పిల్లలను దొంగలు, హంతకులు అని చానల్ వ్యాఖ్యాత ఎరిక్ జెమ్మూర్ తిట్టిపోసినందుకు 2021లో 2 లక్షల యూరోలు. ప్రపంచంలో మరణాలకు మొదటి కారణం గర్భస్రావమేనని, క్యాన్సర్‌ను కూడా వెనక్కి నెట్టి పట్టిక చూపినందుకు 2024లో లక్ష (మర్నాడే క్షమాపణ కూడా చెప్పారు, దానికి తగ్గింపు ఇచ్చినట్టు లేదు). మనుషుల వల్ల భూమి వేడెక్కుతోందన్నది అబద్ధమని ఒక అతిథి సెలవిస్తే, 20 వేలు. అంటే భూగోళం మొత్తం జెమ్మూర్ నోటిదురుసులో పదో వంతు. బేరం తెలిసిన యజమాని దేని మీద చర్చ పెట్టాలో వేరే చెప్పాలా?

అసలు అన్యాయం 2024 ఫిబ్రవరిలో జరిగింది. అంతవరకు, అన్ని పక్షాలకూ చోటు దక్కుతోందా అని చూడటానికి, రాజకీయ నాయకులు మాట్లాడిన నిమిషాలనే లెక్కపెట్టేవారు. వ్యాఖ్యాతలు, విశ్లేషకులు ఏ పక్షమూ ఎరుగని పసిపాపల కింద లెక్క. జెమ్మూర్ కూడా కొన్నాళ్లు ఆ పాపల్లో ఒకరే. ఆయన నిమిషాలనూ నాయకుల నిమిషాలతో కలిపి లెక్కించాలని 2021లో నియంత్రణ సంస్థ అనగానే తెర దిగి, అధ్యక్ష ఎన్నికల్లో దిగారు, 7 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. ఆ ఫిబ్రవరిలో దేశ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం, బల్ల చుట్టూ కూర్చున్న అందరి మాటలనూ పరిగణనలోకి తీసుకోవాలని నియంత్రణ సంస్థ ఆర్కామ్‌ను ఆదేశించింది. ఆ నల్లులను ఏ పక్షం ఖాతాలో వేయాలో మాత్రం తీర్పులో చెప్పలేదు.