అడ్డదారి ప్లూటో

(ఆదివారం ఉదయం. మనవరాలి స్కూలు ప్రాజెక్టు కోసం సుందరం గారు హాల్లో చార్టు పరుచుకుని సౌరకుటుంబం గీస్తున్నారు. మనవరాలు టీవీ ముందుంది, అది వేరే సంగతి. రాజ్యం గారు లెక్కల టీచరుగా రిటైరయ్యారు కానీ ఎర్ర పెన్ను ఇంకా రిటైరవలేదు.)

రాజ్యం: ఏవండీ, పప్పు గిన్నె మూతతో గుండ్రాలు గీస్తున్నారా?

సుందరం: సైన్సు కోసం ఒక పూట మూత త్యాగం చెయ్యలేవా?

రాజ్యం: నేను చేస్తాను, ఈగలు ఊరుకోవు. అదేంటి, ప్లూటో కక్ష్య నెప్ట్యూన్ కక్ష్యని దాటి లోపలికి చొరబడింది?

సుందరం: మూత జారింది. ఉండు, చెరిపేస్తాను.

రాజ్యం: చెరపకండి! మూత జారి కరెక్టుగా వచ్చింది. 1979 నుంచి 1999 దాకా సూర్యుడికి ప్లూటోయే దగ్గర, నెప్ట్యూనే దూరం.

సుందరం: 1979 అంటే మన పెళ్లయిన ఏడాది! చూశావా, మన పెళ్లికి గ్రహాలే తారుమారయ్యాయి.

రాజ్యం: 99లో అవి సర్దుకున్నాయి. మీరే మిగిలారు.

సుందరం: సరేలే. దారులు అడ్డంగా దాటుకుంటున్నప్పుడు ఎప్పుడో ఒకసారి గుద్దుకోవాలిగా? ఇదిగో ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి, రెండు చోట్ల కలుస్తున్నాయి.

రాజ్యం: మీ చార్టు మీద కలుస్తున్నాయి. చార్టుకి ఎత్తు లేదు, ఆకాశానికి ఉంది. ప్లూటో కక్ష్య 17 డిగ్రీలు వాలి ఉంటుంది.

సుందరం: వాలినంత మాత్రాన? వాలినదైనా ఎక్కడో ఒకచోట తగలాలి కదా.

రాజ్యం: రాహుకేతువులు తెలుసా?

సుందరం: భలేదానివే! పంచాంగం చూసేది ఇంట్లో నేనొక్కణ్ణే. మీ తమ్ముడు అప్పు అడగడానికి వచ్చిందీ రాహుకాలంలోనే.

రాజ్యం: ఇచ్చింది మీరే కదా, ఎవరు చెప్పినా వినకుండా. రాహువూ కేతువూ అంటే చంద్రుడి దారి, సూర్యుడు కదులుతున్నట్టు కనిపించే దారిని దాటే రెండు చోట్లు. చంద్రుడి దారి 5 డిగ్రీలు వాలి ఉంది కాబట్టే ప్రతి అమావాస్యకీ గ్రహణం పట్టదు. ఆ చోట్ల దగ్గర అమావాస్య పడితేనే సూర్యగ్రహణం.

సుందరం: మరి ప్లూటోకి రాహువెక్కడ?

రాజ్యం: దానికీ రెండు చోట్లు ఉన్నాయి, నెప్ట్యూన్ తిరిగే తలాన్ని దాటేవి. ఆ రెండు చోట్లా ప్లూటో నెప్ట్యూన్ దారికి అవతలే ఉంటుంది. లోపలికి చొరబడి సూర్యుడికి బాగా దగ్గరైనప్పుడేమో ఆ తలానికి 100 కోట్ల కిలోమీటర్లకు పైనే ఎత్తులో ఉంటుంది. దారులు అసలు తాకవు.

సుందరం: తేలిపోయింది! వాలు వల్ల గుద్దుకోవు. చార్టు కింద రాసేస్తాను.

రాజ్యం: తేలలేదు. పంచాంగం చూసేవారు కదా, రాహువు ఎప్పుడూ ఒకే రాశిలో కూర్చుంటాడా?

సుందరం: ఏడాదిన్నరకోసారి మారతాడు.

రాజ్యం: అంటే ఆ చోట్లు జరుగుతాయన్నమాట. ప్లూటో దారి వాలిన తీరు కూడా మెల్లగా మారుతుంది, లక్షల ఏళ్ల మీద. వాలు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎప్పుడో ఒకనాటికి రెండు దారులూ నిజంగానే కలవొచ్చు. అసలు కాపలా టైము. నెప్ట్యూన్ చుట్టు 165 ఏళ్లు, ప్లూటోది 248.

సుందరం: ఆగు, క్యాలిక్యులేటరు తెస్తాను.

రాజ్యం: నా ముందా? నెప్ట్యూన్ మూడు చుట్లు, 495. ప్లూటో రెండు చుట్లు, 496. అది మూడు తిరిగేసరికి ఇది రెండు తిరుగుతుంది. ప్లూటో లోపలికొచ్చే వేళకి నెప్ట్యూన్ ఎప్పుడూ ఏదో పక్కకి, చాలా దూరంలో ఉంటుంది.

సుందరం: దొరికావు! ఏడాది తేడా ఉంది. ప్రతిసారీ ఏడాది చొప్పున జరుగుతూ పోతే ఏదో ఒకరోజు ఢాం!

రాజ్యం: (కాసేపాగి) ఇది మాత్రం మంచి ప్రశ్న.

సుందరం: మళ్లీ అను, మనవరాల్ని పిలుస్తాను.

రాజ్యం: అనను. ప్లూటో అటు జరిగినా ఇటు జరిగినా నెప్ట్యూన్ లాగుడుకి దాని చుట్టుకి పట్టే కాలం కాస్త పెరుగుతుంది, లేకపోతే తగ్గుతుంది. దాంతో జరిగినదల్లా మళ్లీ వెనక్కి వస్తుంది. ఇలా ఒకసారి అటూ ఇటూ ఊగడానికి దాదాపు 20 వేల ఏళ్లు. 1965లో కోహెన్, హబ్బర్డ్ అనే ఇద్దరు కంప్యూటర్లో లక్ష ఏళ్లకు పైగా లెక్క కట్టి చూశారు.

సుందరం: అంటే గుద్దాల్సిన నెప్ట్యూనే గుద్దకుండా తోసేస్తోందా?

రాజ్యం: లాగుతూనే దూరంగా ఉంచుతోంది. రెండూ ఎప్పుడూ సుమారు 250 కోట్ల కిలోమీటర్ల కంటే దగ్గరికి రావు. ఇంకో వింత, ప్లూటో నెప్ట్యూన్ కంటే యురేనస్‌కే ఎక్కువ దగ్గరికి వెళ్తుంది. అచ్చం మీరే. పక్కింటాయనతో పలకరింపు లేదు, వీధి చివరాయనతో గంటలు.

సుందరం: పక్కింటాయన పేపరు తీసుకెళ్లి తిరిగివ్వడు. అది కాదుగానీ, ఇదంతా ఈ చదును చార్టు మీద ఎలా చూపించాలి?

రాజ్యం: నా చేతికి రెండు గాజులున్నాయి. ఆ రోల్డ్‌గోల్డ్‌ది తీసుకుని ప్లూటో కక్ష్యలాగా వాల్చి అతికించండి. పక్కన 1930లో కనిపెట్టారని, 2006లో గ్రహాల లిస్టులోంచి తీసేసి మరుగుజ్జు గ్రహం అన్నారని రాయండి.

సుందరం: పాపం. కనిపెట్టాక ఒక్క చుట్టైనా పూర్తవకుండానే తీసేశారా?

రాజ్యం: 2178కి గానీ పూర్తవదు. ముందు గాజు సంగతి చూడండి, 17 డిగ్రీలు కొలిచి మరీ.

(సుందరం గారు గాజు కింద ఒక పక్క అగ్గిపుల్ల ముక్కలు పెట్టి, సూపర్ గ్లూ ఒలకబోసి గట్టిగా అదిమారు.)

సుందరం: చూడు! ఎంత మెరుస్తోందో ప్లూటో.

రాజ్యం: (చెయ్యి చూసుకుని) ఏవండీ... రోల్డ్‌గోల్డ్‌ది నా చేతికే ఉంది.

సుందరం: మరి ఇదీ?

రాజ్యం: మా పుట్టింటివాళ్లు పెట్టింది! తియ్యండి, ముందు తియ్యండి!

సుందరం: కదిలించకు, చార్టు చిరుగుతుంది. ప్లూటో మళ్లీ నెప్ట్యూన్ లోపలికి రావడానికి ఇంకా రెండు వందల ఏళ్లు పైనే ఉంది కదా, ఈలోగా అదే ఊడుతుంది.