అనంతపురంలో ఈగల ల్యాబా? ముందు కరెంటు సంగతి చూడండి

చీనీ (బత్తాయి) మార్కెట్లో కుళ్లిన కాయల మీద ముసిరే ఎర్రకళ్ల చిన్న ఈగే డ్రోసోఫిలా. (మామిడికాయలో పురుగు పెట్టే పండుఈగ వేరే కుటుంబం, రైతులకు ఆ తేడా బాగా తెలుసు.) మొక్కజొన్న పిండి, ఈస్టు, బెల్లం, అగర్ ఉంటే సీసాలో బతికేస్తుంది. చవక కదా అని రాయలసీమలో ఈ ఈగతో జన్యు వ్యక్తీకరణ (ఏ జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేస్తోందన్న) పరిశోధన మొదలుపెట్టేవాళ్లు ముందుగా డీఎన్‌ఏ ప్రతులు తీసే పీసీఆర్ మిషనుకు ప్రతిపాదన రాస్తారు. మొదట డబ్బు పెట్టాల్సింది మాత్రం ఈగల గదిని 25 డిగ్రీల దగ్గర నిలబెట్టడం మీద.

ఆ వేడిలో గుడ్డు నుంచి ఈగ పది రోజుల్లో వస్తుంది, 18లో దాదాపు రెట్టింపు పడుతుంది. 30 దగ్గర నిలకడగా ఉంటే మగవి గొడ్డువైపోతాయి. సీసా నిండా ఈగలే కనిపిస్తాయి, తర్వాతి తరం మాత్రం రాదు. అసలు దొంగదెబ్బ 37 దగ్గర తగులుతుంది. వేడికి స్పందించే హెచ్‌ఎస్‌పీ70 జన్యువు నిమిషాల్లో విజృంభిస్తుంది. ఇంక్యుబేటర్ వేడి పెరిగినప్పుడు ఈగ లార్వాల క్రోమోజోముల మీద లేచిన ఉబ్బులను (జన్యువులు పనిచేస్తున్నాయనడానికి గుర్తులు) గమనించి ఇటలీ శాస్త్రవేత్త ఫెరూచియో రిటోస్సా 1962లో ప్రకటించాడు. ఆయనకు అది ఆవిష్కరణ. మే నెల అనంతపురంలో, కరెంటు పోయిన మధ్యాహ్నం తీసిన శాంపిల్లో అదే స్పందన మనకు చెత్త డేటా. 1993 నుంచి అందరూ వాడుతున్న గాల్4 పద్ధతికీ (ఈగలో కావాల్సిన జన్యువును కావాల్సిన చోట పనిచేయించే పద్ధతి) ఈ జబ్బుంది: 18లో మందకొడిగా, 29లో జోరుగా పనిచేస్తుంది. గది వేడెక్కితే జన్యువు మోతాదే మారిపోతుంది.

మామూలు ఇంక్యుబేటర్ వేడి చేస్తుందే గానీ చల్లబరచదు. మనకు కావాల్సింది చల్లబరచడం కూడా చేసే బీఓడీ ఇంక్యుబేటర్. దాని కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు లాగే కరెంటును ఇంటి ఇన్వర్టర్ తట్టుకోలేదు, కాబట్టి ఆ లెక్కతోనే బ్యాకప్ కొనాలి. ప్రతి స్టాకుకూ (పెంచుతున్న ఈగల రకానికీ) రెండో సెట్టు 18 డిగ్రీల్లో, వేరే ఫేజు మీద ఉండాలి.

ఆర్‌ఎన్‌ఏ (పనిచేస్తున్న జన్యువు తయారుచేసే నకలు) తీసేటప్పుడు ఆడామగా కలిపి రుబ్బితే అండాశయాల ఆర్‌ఎన్‌ఏ మిగతాదాన్ని కప్పేస్తుంది. పొద్దున కంట్రోలు, సాయంత్రం ప్రయోగం తీస్తే కనిపించే తేడాలో సగం ఈగ లోపలి గడియారందే కావచ్చు. ఆర్‌ఎన్‌ఏ మోతాదు కొలిచే క్యూపీసీఆర్‌లో సీటీ (సంకేతం కనిపించడానికి పట్టిన చక్రాల లెక్క) ఒక్క అంకె మారితే రెండింతల తేడా. అంత సున్నితమైన కొలతకు సీసా పక్కన ఉష్ణోగ్రతను వరసగా నమోదు చేసే లాగర్ లేకపోవడం దారుణం.

ఈ ఎండే పరిశోధనాంశంగా పనికొస్తుంది. స్థానిక ఈగలను వేసవిలో, చలికాలంలో పట్టి, రెండు మూడు తరాలు 25లో పెంచి, అప్పుడు వేడి ఇచ్చి పోల్చాలి. పట్టిన వెంటనే కొలిస్తే ఆ రోజు ఎండ తప్ప ఇంకేమీ తేలదు.