సరస్సుకు పన్నెండు నిమిషాలు

మా బావగారు ధవళేశ్వరం ఆనకట్ట హెడ్‌వర్క్స్‌లో ఈఈగా, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా, పదవీ విరమణ చేసిన మనిషి. అంచనా పత్రం లేనిదే ఏ పనీ మొదలుపెట్టరు కనుక, అక్కతోనూ మా మేనకోడలితోనూ కలిసి క్రైస్ట్‌చర్చ్‌లోని మా ఇంటికి రావాలని నిశ్చయించుకున్న నాటి నుండే, న్యూజీలాండ్ దక్షిణ ద్వీపంలో కారులో తిరగవలసిన దారికంతటికీ ఆయన ఒక పట్టిక తయారు చేయసాగారు. చేరు సమయము, వదులు సమయము, చూడవలసిన అంశము, ముందు సీటులో కూర్చొను వారు అంటూ అందులో అన్నిటికీ గడులున్నాయి. ముందు సీటు గడిలో అన్ని రోజులకూ ఆయన పేరే ఉంది. టెకాపో సరస్సుకు 12 నిమిషాలు, పుకాకి సరస్సుకు 12, వకటిపుకూ 12 కేటాయించారు. "సరస్సులన్నిటికీ ఒకటే రేటా బావగారూ?" అని ఫోనులో అడిగితే, "నీళ్లు ఎక్కడైనా నీళ్లేనోయ్" అని తేల్చేశారు.

మొదటి చిక్కు పటం మీదే వచ్చింది. క్వీన్స్‌టౌన్ నుండి మిల్‌ఫోర్డ్ సౌండ్ అనే సముద్రపు పాయకు స్కేలుతో కొలిస్తే 70 కిలోమీటర్లు దాటడం లేదని, కాబట్టి ఉదయం వెళ్లి మధ్యాహ్న భోజనానికి తిరిగి రావచ్చని ఆయన లెక్క కట్టారు. మధ్యలో ఉన్నవి మంచు కొండలనీ, వాటిని దాటే రోడ్డు లేదనీ, దక్షిణంగా తే అనౌ ఊరి మీదుగా చుట్టి వెళితే ఒక్క వైపే దాదాపు 290 కిలోమీటర్లనీ నేను చెప్పవలసి వచ్చింది. "ఇన్నేళ్లలో ఒక సొరంగమైనా తవ్వుకోలేకపోయారా?" అని ఆయన విసుక్కున్నారు. తవ్వారనీ, అయితే అది తే అనౌ దారిలో ఉన్న హోమర్ సొరంగమనీ, 1935లో పని మొదలుపెట్టిన ఆ 1.2 కిలోమీటర్ల సొరంగం 1954లో గాని వాహనాలకు తెరుచుకోలేదనీ చెప్పాను. పందొమ్మిదేళ్లు అని విన్న తరువాత ఆయనకు ఈ దేశం మీద ఒక విధమైన బంధుత్వ భావం కలిగినట్టు గొంతులోనే తెలిసింది. పట్టికలో తే అనౌలో బస చేరింది.

టెకాపో దగ్గర అంతా సవ్యంగానే జరిగింది. హిమానీనదాలు రాతిని పిండిగా నూరి నీటిలో కలపడం వల్ల ఆ సరస్సుకు పాలు కలిపిన నీలం రంగు వచ్చిందని నేను చెబుతుండగానే, బావగారు గడియారం చూసుకుని కారెక్కారు. అసలు జాప్యం పట్టికలో లేని చోట వచ్చింది. టెకాపో నీటిని పుకాకికి చేరవేసే 26 కిలోమీటర్ల జలవిద్యుత్ కాలువ ఒకటి అక్కడ ఉంది. దాన్ని చూడగానే "ఆపవోయ్ ఆపు!" అని అరిచి, కారు పూర్తిగా ఆగకముందే తలుపు తీశారు. గట్టు వెంట నడుచుకుంటూ వెళ్లిపోయిన మనిషి, గుర్రపుడెక్క అన్నది మచ్చుకైనా లేని కాలువను జీవితంలో మొదటిసారి చూస్తున్నానని, కాలువ కాపలా చూసే లస్కరు ఎక్కడుంటాడో కనుక్కోమని, డిశ్చార్జి ఎన్ని కూసెక్కులో అడగమని నన్ను పురమాయించారు. గంటన్నర గడిచింది. దాని ఫలితంగా పుకాకి సరస్సును, దాని వెనుక 3,724 మీటర్ల ఎత్తున నిలబడిన అయొరాకి శిఖరాన్ని మేము కదులుతున్న కారులో నుండే చూశాము. ఆ సరస్సు మట్టాన్ని కూడా విద్యుత్తు కోసం రెండు విడతలుగా పెంచారని నేను నోరు జారలేదు. జారి ఉంటే ఆ రాత్రి మా బస ఆనకట్ట మీదే అయ్యేది.

క్వీన్స్‌టౌన్‌లో మరో విఘాతం ఎదురైంది. వకటిపు సరస్సు నీరు సుమారు అరగంటకొకసారి పది సెంటీమీటర్ల మేర పెరిగి తగ్గుతుంది. సరస్సు అడుగున పడి ఉన్న మటావు అనే రాక్షసుడి గుండె కొట్టుకోవడమే దానికి కారణమని అక్కడి మూలవాసులైన మావోరీలు చెప్పుకుంటారు. నీరు ఈ ఒడ్డు నుండి ఆ ఒడ్డుకు ఊగిసలాడడం వల్ల అలా జరుగుతుందని శాస్త్రజ్ఞులు అంటారు. మా మేనకోడలు ఈ సంగతి చదివి వినిపించినప్పుడు, "గేజి చూడకుండా నేను నమ్మను" అని బావగారు నడుం బిగించారు. గేజికి గుర్తు కావాలి. ఆయన అక్క నుదుటి వైపు చూశారు. అక్క ఏదో అనబోయేంతలోనే ఆమె స్టిక్కర్ బొట్టు చేజిక్కించుకుని, పడవల వంతెన గుంజకు సరిగ్గా నీటి అంచున అంటించి, దాని ఎదురుగా చతికిలబడ్డారు. పడవలు పోయినప్పుడల్లా అల వచ్చి బొట్టును ముంచేది. ఆయన ఆ రీడింగును కొట్టివేసి మళ్లీ మొదలుపెట్టేవారు. సరస్సుకు ఇచ్చిన గడువు పన్నెండు నిమిషాలు, దాని గుండె ఒక్కసారి కొట్టుకోవడానికి పట్టేది అరగంట; ఈ రెంటికీ ఎక్కడ పొసగుతుంది? చీకటి పడ్డాక లేవదీసుకుని వచ్చాము. బొట్టు ఇంకా అక్కడే ఉండాలి.

అయినా హోమర్ సొరంగం వద్దకు చేరేసరికి, దారిలో అద్దాల సరస్సుల వద్ద ఎవరినీ దిగనివ్వకపోవడం వల్ల, మేము పట్టికకు సరిగ్గా సరిపోయాము. బావగారి ముఖం వెలిగిపోయింది. సొరంగానికి ముందు ఎర్ర దీపం పడింది. లోపల దారి ఇరుకు కనుక ఒక వైపు తరువాత ఒక వైపు వాహనాలను వదులుతారు. "వంతుల పద్ధతి! మన కాలువల మీద లాగే" అని ఆయన మురిసిపోతుండగా బానెట్ మీద ఏదో ధబ్బుమని వాలింది.

అది కీయా. కొండల్లో ఉండే చిలుక. కోడిపెట్ట అంత ఒళ్లు, పాచి రంగు ఈకలు, రెక్క విప్పితే లోపల నారింజ మంట. 2017లో ఆ దేశపు ప్రజలు ఓట్లు వేసి దీన్నే ఆ ఏటి పక్షిగా ఎన్నుకున్నారు. అది అద్దం దగ్గరికి నడిచి వచ్చి, తల వాల్చి బావగారిని ఆపాదమస్తకం పరిశీలించింది. అక్క జంతికల డబ్బా మూత తీసింది. మేత వేయకూడదని నేను ఆపాను. అప్పుడు ఆ పక్షి డ్రైవరు వైపు వైపర్ రబ్బరు చివరను ముక్కుతో పట్టి, కాలితో అదిమి, నిదానంగా, కొస నుండి కొస దాకా లాగేసింది. నేను హారన్ కొట్టాను. అది హారన్ పూర్తయ్యేదాకా ఆగి, రబ్బరు తీసుకుని వెళ్లిపోయింది. పచ్చ దీపం పడింది.

ఇవతల ఎండ. సొరంగం అవతల కొండంతా వాన. మిల్‌ఫోర్డ్ సౌండ్‌లో ఏడాదికి దాదాపు 6,800 మిల్లీమీటర్లు కురుస్తుంది, అంటే మన కోనసీమ వానకు ఐదారింతలు; అందులో ఆ రోజు వంతు ఏమాత్రం తగ్గలేదు. వైపర్ ఇనుము అద్దం మీద గీరుకుంటోంది, నాకు దారి కనబడదు. పక్కకు తీసి ఆపాను. బావగారు వానలోనే దిగి, తన వైపు వైపర్ ఊడదీసి నా వైపు బిగించారు. కొంచెం పొట్టిదైనా పని చేసింది. ఆ విధంగా, తాను పట్టికలో రాసిపెట్టుకున్న ముందు సీటులో కూర్చుని, ఈ యాత్రకంతటికీ పరాకాష్ఠ అనదగిన ఆ లోయ దిగుడు దారిని ఆయన నీటి తెర వెనుక నుండి చూశారు. వెనుక సీటులోని అక్క మాత్రం పక్క అద్దం దించి, "అబ్బ, ఎంత బాగుందండీ!" అని వంపు వంపుకూ నివేదిస్తూ వచ్చింది.

మా పడవ వెళ్లిపోయింది. తరువాతి దానిలో చోటు దొరికింది. హిమం తొలిచిన లోయలోకి సముద్రం చొరబడిన ఆ ఫ్యోర్డులో శాశ్వతమైన జలపాతాలు రెండే కనుక పట్టికలో కూడా రెండే ఉన్నాయి. వాన పుణ్యమా అని ఆ రోజు రెండు వైపుల గోడల మీద నుండీ వందల ధారలు దూకుతున్నాయి. బావగారు నలభై దాకా లెక్కపెట్టి పెన్ను జేబులో పెట్టుకున్నారు.

తే అనౌలో మెకానిక్ మేము నోరు తెరవకముందే "కీయానా?" అన్నాడు. సాయంత్రం అద్దె కార్ల సంస్థ వారి బీమా పత్రం నింపే బాధ్యత బావగారు తీసుకున్నారు. ఎదుటి పక్షం పేరు అన్నచోట కీయా అని, చిరునామా హోమర్ సొరంగం తూర్పు ద్వారమని, బీమా లేదని, అయితే 1986 నుండి పూర్తి చట్ట రక్షణ కలదని దస్తూరీ కుదురుగా రాశారు. సాక్షి సంతకం చేయడానికి మాత్రం అక్క ఒప్పుకోలేదు. రెండు జంతికలు పడేసి ఉంటే ఆ నోరులేని జీవికి రబ్బరు పీక్కునే కర్మ పట్టేదా అన్నది ఆమె వాదన.