ఆ రెండున్నర మైళ్లు మనమూ నడవాలి

ఏటా జూన్ 19న, అమెరికాలో బానిసత్వం ముగిసిన గుర్తుగా జరుపుకునే ‘జూన్‌టీన్త్’ నాడు, టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో జనం రెండున్నర మైళ్లు నడుస్తారు. ఆ దూరం ఊరికే పెట్టింది కాదు. అమెరికా నుంచి విడిపోతామంటూ అంతర్యుద్ధానికి దిగిన దక్షిణాది తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలకు స్వేచ్ఛనిస్తూ అధ్యక్షుడు లింకన్ 1863 జనవరి 1న ప్రకటన చేశారు. దాన్ని అమలు చేసే సైన్యం టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవులో నిలబడి ఉత్తర్వు వెలువరించేసరికి 1865 జూన్ 19 అయింది. ఆ రెండున్నరేళ్లూ అక్కడి బానిసలు వెట్టిచాకిరీ చేస్తూనే ఉన్నారు. వాళ్ల సంఖ్య దాదాపు 2.5 లక్షలు. సైన్యం దగ్గరపడుతుంటే బానిసలను వెంటబెట్టుకుని టెక్సాస్‌కు తరలిపోయిన యజమానులూ ఉన్నారు.

ఆ సైన్యానికి నాయకత్వం వహించిన జనరల్ గ్రాంజర్ పేరిట వచ్చిన ఆ ఉత్తర్వు చదివితే కడుపు మండుతుంది. యజమానికీ మాజీ బానిసకూ సమాన హక్కులని మొదట చెప్పి, ఆ వెంటనే ఉన్నచోటే గొడవ చేయకుండా కూలికి పనిచేసుకోండని, సోమరిగా కూర్చుంటే పోషించేది లేదని హెచ్చరించింది. తరతరాలుగా ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లకా సోమరితనం గురించి చెప్పేది!

ఈ నడకకు ప్రాణం పోసింది 1926లో పుట్టిన ఓపల్ లీ అనే టీచరమ్మ. తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొనుక్కున్నారన్న అక్కసుతో ఓ మూక 1939లో, సరిగ్గా జూన్ 19నే, ఆమె కుటుంబం ఇంటిని తగలబెట్టింది. అప్పటికి ఆమెకు 12 ఏళ్లు. ఆ రోజును జాతీయ సెలవుగా ప్రకటించాలంటూ 2016లో, తొంభైకి చేరువైన వయసులో, వాషింగ్టన్‌కు నడక మొదలుపెట్టారు. 2021లో సాధించారు.

డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు ఇది ఉత్త లాంగ్ వీకెండ్ కాకూడదు. 1946 చట్టం ప్రకారం భారతీయులకు అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది. ఆ తలుపు బార్లా తెరిచింది 1965 వలస చట్టం. నల్లజాతి జనం వీధుల్లో లాఠీదెబ్బలు తిని, జైళ్లకెళ్లి సాధించిన పౌరహక్కుల చట్టాల వెనకే అది వచ్చింది. మన డాక్టర్లు, ఇంజినీర్లు ఆ దారినే వెళ్లారు. ఈ సంగతి మన పిల్లలకు ఇళ్లలో ఎంతమందిమి చెబుతున్నాం?

ఉగాదికీ బతుకమ్మకూ హాళ్లు బుక్ చేసే తెలుగు సంఘాలు జూన్ 19ని కూడా తమ క్యాలెండర్‌లో చేర్చుకోవాలని కోరుతున్నాం. పిల్లాపాపలతో ఫోర్ట్ వర్త్ వెళ్లండి. వేదిక మీద కుర్చీ అడగొద్దు, నిర్వాహకులను కలిసి మంచినీళ్లు అందించే పని అడగండి. జూన్‌లో టెక్సాస్ ఎండ మన రోహిణి కార్తెకు తీసిపోదు, నడిచేవాళ్లలో వృద్ధులూ ఉంటారు.