అయ్యా సగం ధర గారూ

విజయనగరం,
ఏప్రిల్ నెలాఖరు, మిట్ట మధ్యాహ్నం, కరెంటు లేదు.

శ్రీ సగం ధర గారికి,
కేరాఫ్ కోఠి ఫుట్‌పాత్, హైదరాబాద్.
బ్రాంచి: లెనిన్ సెంటర్, విజయవాడ.

అయ్యా,

మనది ఈనాటి పరిచయం కాదు. నేను ఆరో తరగతిలోకి వెళ్తున్న వేసవిలో, పరీక్షలైన మర్నాడే మా అమ్మ నా చెయ్యి పట్టుకుని కంటోన్మెంట్‌లో పై క్లాసమ్మాయి ఇంటికి తీసుకెళ్లింది. ఒక్క రోజు లేటైతే పుస్తకాలు ఇంకెవరో ఎగరేసుకుపోతారని ఆవిడ టెన్షన్. అరుగు మీద కూర్చుని బేరం. ఒక ఏడాది చదివిన పుస్తకమైతే ముప్పావు ధర, రెండేళ్లు చదివినదైతే మీరు, అట్ట ఊడిపోతే పావు. ఎవరు పెట్టిన రూలో ఎవరికీ తెలీదు, కాదన్నవాళ్లూ లేరు. పుస్తకంలో పెన్సిలు గీతలుంటే విలువ తగ్గేది కాదు, పెరిగేది. పక్కన ‘ఇంపార్టెంట్’ అని మూడేసి చుక్కలు పెట్టిన సాంఘిక శాస్త్రం పుస్తకానికి మా అమ్మ రెండు రూపాయలు ఎక్కువిచ్చింది. ఆ చుక్కల్ని నమ్ముకునే నేను ఆ ఏడు గట్టెక్కాను.

అప్పట్లో మీరు మర్యాదస్తులు. ఇప్పుడు మీ మీద ఫిర్యాదుంది.

మా అమ్మాయిని రెండేళ్లుగా ఇంట్లోనే చదివిస్తున్నాం. ఎందుకని మీరూ అడక్కండి, ఊళ్లో అందరికీ చెప్పి చెప్పి గొంతు పోయింది. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది గానీ, ఇంటి చదువు ఊసే ఎత్తదు. పరీక్షలు రాయడానికి జాతీయ ఓపెన్ స్కూల్ ఉంది: మూడో తరగతికి సమానంగా ‘ఎ’ లెవెల్, ఐదుకి ‘బి’, ఎనిమిదికి ‘సి’. మా అత్తయ్యకి ఈ అక్షరాలతో పని లేదు. “బడికంపకుండా ఇంటినిండా ఈ పాత పుస్తకాలేటమ్మా? గుంటని కూడా తూకానికిచ్చేస్తావేటి?” అంటుంది, ఊరందరికీ వినపడేలా.

చదువు చెప్పడం కష్టం కాదండీ. సామాను కొనడమే కష్టం. ఇంటి చదువుకి కావలసిన వస్తువులు గంటస్తంభం దగ్గర ఏ షాపులోనూ ఉండవు. నాలాంటి ఇంకో తల్లి అటక మీద ఉంటాయి. ఆ అటక విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటుంది. నిచ్చెన వేసి ఎక్కితే పైన మీరు కూర్చుని ఉంటారు.

మొదట విశాఖ ఆవిడ సంగతి. వాళ్లబ్బాయి కోసం 2019లో అమెరికా నుంచి లెక్కల కిట్టు తెప్పించారు. 120 డాలర్లు. డాలరు డెబ్బై రూపాయలున్న రోజులు కాబట్టి 8,400 పడింది. “మీకని సగానికే ఇస్తున్నానండీ, 5,400” అన్నారు. 8,400లో సగం 4,200 కదండీ అన్నాను. “కాదండీ, 120లో సగం 60 డాలర్లు. ఇవాళ డాలరు తొంభై రూపాయలు. మీరే లెక్కేసుకోండి.” వేసుకున్నాను. నూటికి అరవై నాలుగు పైచిలుకు తేలింది. అంటే ఆ కిట్టు ఆరేడేళ్లు అటక మీద బొద్దింకలతో కాపురం చేస్తూనే సగం నుంచి ముప్పావు వైపు నడిచింది. మా నాన్న పోస్టాఫీసులో వేసిన డబ్బు కూడా ఇంత కష్టపడలేదు. ఇంతకీ, సగం ధర గారూ, మీరు దేనిలో సగం? కొన్నదానిలోనా, అచ్చు వేసినదానిలోనా, లేక అమ్మేవాళ్ల మనసులో ఉన్నదానిలోనా?

అయినా కొన్నాను. డాలరు ఇంకా పెరుగుతుందేమోనని భయం, ఇంకేముంది!

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కార్గో కౌంటర్ దగ్గర పార్సిలు తీసుకుని, స్కూటీ ముందు కాళ్ల దగ్గర పెట్టుకుని ఇంటికి తెచ్చి విప్పాం. వర్క్‌బుక్కులో నలభయ్యో పేజీ దాకా ఆ అబ్బాయి పెన్నుతో రాసేశాడు. పెన్సిలు కాదు, పెన్ను. అందులో సగం తప్పులు. నలభై ఒకటో పేజీలో ఒక రాక్షసుడి బొమ్మ, కింద వాళ్లమ్మ పేరు. ఆ తర్వాత పుస్తకమంతా తెల్లగా ఉంది. ఆ ఇంట్లో ఇంటి చదువు ఏ పేజీ దగ్గర ఆగిందో ఇంత స్పష్టంగా ఇంకే రికార్డూ చెప్పదు. ఆన్‌లైన్ పాఠాల కోడ్ ఎప్పుడో వాడేశారు. గీకేసిన రీఛార్జి కార్డులా అది కూడా పెట్టెలో భద్రంగా ఉంది, దానికీ మీరు మీ వంతు కలుపుకున్నారు. లెక్కలన్నీ నికెళ్లు, డైములు. నికెల్ అంటే ఐదు సెంట్లనీ, డైమ్ అంటే పది సెంట్లనీ చెప్పి పుస్తకంలో బొమ్మ చూపించాను. “ఐదు పెద్దగా ఉండి, పది చిన్నగా ఉందేంటమ్మా? అచ్చు తప్పా?” అంది మా అమ్మాయి. అచ్చు తప్పు కాదు, అమెరికావాడి డైమ్ నిజంగానే నికెల్ కన్నా చిన్నది. ఆ పూట మాకు లెక్కలు సాగలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది జవాబుల పుస్తకం, అది లేదు. పోయిందట. అలాంటిదే ఇంకొకటి హైదరాబాద్‌లో ఒకావిడ దగ్గర ఉందని తెలిసి ఫోన్ చేశాను. “సెట్టు విడదీయనండీ” అన్నారు. సెట్టులో జవాబుల పుస్తకంతో పాటు రెండో తరగతి వర్క్‌బుక్కు, పరీక్ష పేపర్లు, విరిగిన అబాకస్, వారం గడవకుండా ఎండిపోయే రకం స్కెచ్ పెన్నులు ఉన్నాయి. మా చేపల బజార్లో కూడా ఇంతే, వాటా అంటే వాటాయే. పైన ఒక మంచి వంజరం ముక్క పెడతారు, దాని కింద పిల్లికి వేసేవి. కాకపోతే అక్కడ ఈగలు తోలుకుంటూ ఆవిడ, “కింద చిన్నయి ఉన్నాయి బాబూ, చూసుకో” అని ముందే చెప్తుంది.

ఇక గులాబీ టవరు. పిల్లలు చేత్తో పట్టుకుని నేర్చుకునే మాంటిస్సోరి చదువు సామాన్లలో పేరున్నది. చెక్కతో చేసిన పది ఘనాలు, అన్నిటికన్నా పెద్దది పది సెంటీమీటర్లు, అన్నిటికన్నా చిన్నది ఒక సెంటీమీటరు. పెద్దదాని మీద చిన్నది పేర్చుకుంటూ పోవాలి. మా అమ్మాయి ఆ వయసు దాటింది గానీ, చెల్లెలి కొడుకు ఉన్నాడు కదా అని ఆశపడ్డాను. శ్రీకాకుళంలో అమ్మకానికి ఉందంటే ఆదివారం పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కడినుంచి ఆటోలో వెళ్లాను. (శ్రీకాకుళం వెళ్లాలంటే ఆమదాలవలసలో దిగాలని తెలియని బంధువులు మాకు ఇప్పటికీ ఉన్నారు.) ఇల్లుగలాయన ఇంజినీరు. టీ ఇచ్చారు, బెల్లం గవ్వలు పెట్టారు. టవరు పేర్చి చూపించారు. తొమ్మిది ఉన్నాయి. చిట్టచివరిది, పైన ఉండాల్సింది, లేదు. ఏ ఇంట్లోనైనా ముందు పోయేది అదే. సోఫా కిందికో చీపురు దారికో వెళ్లిపోతుంది.

“మరి ధర తగ్గిస్తారా?” అన్నాను. పదింట ఒకటి పోయింది కాబట్టి పది శాతం తగ్గించాలని నా వాదన. ఆయన పెన్ను తీసి, నేను టీ తాగుతుండగానే పేపరు మీద పది ఘనాల ఘనపరిమాణం కూడి, నా ముందుకి జరిపారు. “మొత్తం 3,025 ఘన సెంటీమీటర్లండీ. పోయింది ఒక్కటి. మూడు వేల ఇరవై ఐదింట ఒక వంతు. ఆ లెక్కన తగ్గిస్తే అర్ధరూపాయి కూడా రాదు. సగానికే తీసుకోండి.”

లెక్క ముమ్మాటికీ సరైనదే. ఇంటికొచ్చి కూడా వేసి చూశాను. కానీ నాలుగేళ్ల పిల్లాడికి ఘనపరిమాణం తెలియదు కదండీ. తొమ్మిది పేర్చి, పదోది కోసం చెయ్యి చాపి, చుట్టూ వెతికి, ఏడుపు అందుకుంటాడు. వాడి మటుకు మొత్తం టవరంటే ఆ ఒక్క ముక్కే. మీరు శాతాల్లో ఉంటారు గానీ, చంటిపిల్లాడి చూపులో ఎప్పుడైనా ఉన్నారా?

సగానికే తీసుకున్నాను. బెల్లం గవ్వలు తిన్నాక బేరం మరీ గట్టిగా చేయలేం.

మా వీధి చివరి వడ్రంగి దగ్గరికి వెళ్లి ఒక సెంటీమీటరు ఘనం చేసిపెట్టమన్నాను. “ఏటమ్మా, పాచికా?” అన్నాడు. కాదు, ఘనం అన్నాను. మంచం కోళ్లు చేసే చేతికి అంత చిన్న ముక్క పట్టుకోవడమే పని అయింది. రెండు చెడగొట్టి మూడోది సాధించాడు. టేకు తునక. నలభై రూపాయలు. నేను దానికి నా గోళ్ల రంగు రెండు కోటింగులు వేశాను. తక్కినవి వెలిసిపోయిన గులాబీ రంగు, ఇది పెళ్లికూతురి గోరంత ఎరుపు. చూడ్డానికి గుడి గోపురం మీద కలశంలా ఉంటుంది.

‘కొత్తలా ఉంది’ అనే మీ మేనల్లుడి గురించి కూడా చెప్పాలి. అమ్మేవాళ్లు ఎప్పుడూ అతన్ని వెంటబెట్టుకునే వస్తారు. “కొత్తలా ఉందండీ, ఒక్క పేజీ కూడా తిప్పలేదు.” తిప్పలేదంటే పిల్లాడికి నచ్చలేదనే కదా అర్థం? హోటల్లో కూర్చున్నాక, “ఈ ఉప్మా పొద్దున్నుంచి ఎవరూ ముట్టుకోలేదండీ, అలాగే ఉంది” అని వడ్డిస్తే తింటామా? మూలలు నలిగి, పాలమరక పడి, మధ్యలో ఎండిన ఆకు ఇరుక్కున్న పుస్తకానికి ధర ఎక్కువ ఉండాలి. మా అమ్మ ఆనాడు ఇచ్చింది కూడా.

ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు, అంటే కేంద్ర ప్రభుత్వం వాళ్లు, అచ్చు వేసే బడి పుస్తకాల్లోకి మాత్రం మీరు రాకండి. ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒక్కోటి కొత్తదే 65 రూపాయలు, వాళ్ల వెబ్‌సైట్లో ఊరికే కూడా దొరుకుతాయి. 2024లో మూడు, ఆరు తరగతుల పుస్తకాలు మారాయి, 2025లో నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిది. అయినా మొన్న ఒకాయన పాత ఆరో తరగతి సెట్టుని సగానికి ఇస్తానన్నాడు. మారిపోయిన సిలబస్‌కి సగం ఇవ్వడమంటే నిరుటి పంచాంగాన్ని బేరమాడి కొనడమే. పోస్టాఫీసు వాళ్లు నయం, చదువు పుస్తకాలకి 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు: 300 గ్రాములకి 20 రూపాయలు, ఐదు కేజీలకి 100, పన్ను అదనం. తూనిక రాయికి మొహమాటం ఉండదు. లోపలున్నది కొత్తలా ఉందో లేదో అడగదు.

తూకం అంటే గుర్తొచ్చింది. మిమ్మల్ని పక్కనపెట్టి అసలు ధరేమిటో తెలుసుకుందామని, వీధిలో పాత పేపర్లబ్బాయిని పిలిచాను.

“పేపరైతే కేజీ పద్నాలుగమ్మా. పుస్తకాలైతే పది. అట్టలు చింపేసి తూస్తాను.”

“అదేంటి, పుస్తకానికి తక్కువా?”

“పేపర్లో బజ్జీలు కడతారు గదమ్మా. దీన్లో ఏటి కడతారు?”

అమెరికా కిట్టు తూకం వేయించి చూశాను, మూడు కేజీల చిల్లర. ముప్పై రెండు రూపాయలు అన్నాడు. 5,400కీ ముప్పై రెండుకీ మధ్య ఎక్కడో దాని నిజమైన ధర ఉంటుంది. ఆ జాగా అంతా మీరొక్కరే ఆక్రమించుకుని కూర్చున్నారని నా ఫిర్యాదు.

ఇంత రాశాక ఒక విషయం దాచలేను. పోయిన వారం ఈ కిట్టే అమ్మకానికి పెట్టాను. మా అమ్మాయి నలభై ఒకటి నుంచి అరవై మూడు దాకా చేసింది, పెన్సిలుతోనే, అందులో రాక్షసుడి పక్కన ఒక రాక్షసి కూడా చేరింది. పార్వతీపురం నుంచి ఒకామె ఫోన్ చేసి, “ఎంతకిస్తారక్కా?” అంది. గొంతు చూస్తే నా రెండేళ్ల కిందటి గొంతే. పావుకి ఇచ్చేద్దామనే నోరు తెరిచాను. “సగానికే ఇస్తున్నానమ్మా” అని వచ్చింది. అంతటితో ఆగానా? “ఇవాళ డాలరు ఎంతుందో చూసుకో” అని కూడా అన్నాను. ఆ మాట నాది కాదని ప్రమాణం చేసి చెప్తాను, ఫోన్లో మాట్లాడింది మీరే.

ఆమె రేపు మళ్లీ చేస్తానంది. ఈలోగా మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
జవాబుల పుస్తకం లేకుండానే ఇన్నాళ్లూ లెక్కలు దిద్దిన
ఒక తల్లి

తా.క. గులాబీ టవరు కూడా ఖాళీ అయింది, చెల్లెలి కొడుకు ఎక్కాల్లోకి వచ్చేశాడు. పది ముక్కలూ ఉన్నాయి. సగం ధరే. పదో ముక్క చేతిపని కాబట్టి నలభై అదనం, గోళ్ల రంగు ఉచితం, పార్సిలు ఖర్చు కొన్నవాళ్లది.