దొరకని సమాచారమే భద్రమైన సమాచారం

ప్రభుత్వాలు సమాచారాన్ని సరిగ్గా భద్రపరచుకోవాలి, శాఖలు ఒకదానితో ఒకటి పంచుకోవాలి, జనానికి అందుబాటులో పెట్టాలి అంటూ ఎవరు పడితే వాళ్లు సలహాలిచ్చేస్తున్నారు. ఎందుకండీ ఇంత ఆదుర్దా? ఉన్న పద్ధతికి ఏం తక్కువైందట?

ఒక చిన్న పట్టిక జనం దాకా ఎంత జాగ్రత్తగా వస్తుందో చూడండి. గుమాస్తా దాన్ని ఎక్సెల్‌లో శుభ్రంగా తయారుచేస్తాడు. అందులో వెతకొచ్చు, కూడికలు చేయొచ్చు, పోయినేడాది లెక్కతో పోల్చొచ్చు, అంటే చాలా ప్రమాదకరమైన స్థితిలో ఉందన్నమాట. అందుకే వెంటనే ప్రింటు తీసి, పై అధికారి చేత సంతకం పెట్టించి, సరిగ్గా మొత్తం అంకె మీద పడేలా రౌండ్ సీలు కొట్టి, కాస్త వంకరగా స్కాన్ చేసి, 'ఫైనల్ కొత్తది 3' అనే పేరుతో పీడీఎఫ్ చేసి వెబ్‌సైట్లో పెట్టేస్తారు. ఇప్పుడది పారదర్శకత. భూతద్దం తెచ్చుకుని చదువుకోండి, ఎవరొద్దన్నారు?

ప్రభుత్వ పత్రాలు చూసే హక్కు జనానికి ఇస్తూ స్వీడన్ 1766లోనే చట్టం చేసింది. ఆ దేశం ఇంకా కూలిపోలేదు, అది వేరే సంగతి.

ఇక శాఖల మధ్య పంచుకోవడం. పక్క గదిలో ఉన్న సెక్షన్‌కి లేఖ రాస్తే, జవాబొచ్చేలోగా ఇద్దరూ అదే సర్వే విడివిడిగా చేయించుకోవచ్చు. అంకెలు కలవకపోతే కంగారెందుకు, కమిటీ వేస్తాం.

అసలు సర్వరంటే సీనియర్ ఉద్యోగి బుర్రే. ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో, ఆ ఉత్తర్వు ఎందుకు వచ్చిందో, ఎవరు వద్దంటే ఆగిపోయిందో ఆయనకే తెలుసు. రిటైరయ్యే రోజున నాలుగు మంచి మాటలు చెప్పి సర్వర్‌ని ఇంటికి పంపించేస్తాం. ఇందులో మనల్ని మించినవాళ్లున్నారు. అమెరికా అణు వార్‌హెడ్లలో వాడే ఫాగ్‌బ్యాంక్ అనే పదార్థాన్ని మళ్లీ తయారుచేయాల్సి వచ్చేసరికి, రాసిపెట్టింది అంతంతమాత్రం, తెలిసినవాళ్లలో దాదాపు అందరూ వెళ్లిపోయారు. కోట్ల డాలర్లు పోసి, ఏళ్ల తరబడి తల బద్దలుకొట్టుకుని, ఒకప్పుడు తమకే తెలిసినదాన్ని మళ్లీ కనిపెట్టారు. రహస్యాన్ని తమకే తెలియకుండా కాపాడుకోవడమంటే మాటలా!

అన్నీ కంప్యూటర్లో పెడితే పోలా అంటారు. 2020లో ఇంగ్లండ్‌లో అదే చేశారు. పాతరకం ఎక్సెల్ ఫైల్లో 65 వేల పైచిలుకు వరసలు నిండాక, ఇక చోటు లేదని దాదాపు 16 వేల కోవిడ్ పాజిటివ్ కేసులు లెక్కలోంచి జారిపోయాయి. ఒక్క మందు చుక్క లేకుండా కేసులు తగ్గించిన ఘనత ఆ ఫైలుదే.

అయినా సంస్కరణ కావాల్సిందే అంటారా, నాదో ప్రతిపాదన. పాత పోర్టళ్లన్నీ ఎక్కడున్నాయో చెప్పే కొత్త పోర్టల్ ఒకటి పెడదాం. ఇంతకుముందు ఎవరైనా ఇలాంటిది పెట్టారా అని మాత్రం అడక్కండి. పెట్టే ఉంటారు, ఆ ఫైలు కోసం వెతుకుతున్నారు.